'కళ్ళు తిరగడం': అంతరచెవికీ కంటి కదలికలకూ గల సంబంధం – వివరణాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

తల కదిలినప్పుడు చూపును నిలిపి ఉంచే ప్రధాన బాధ్యత కంటిది కాదు, చెవిది. అంతరచెవిలోని అర్ధవర్తుల కుల్యలు తల భ్రమణాన్ని గుర్తించి, మూడు నాడీకణాల గొలుసు ద్వారా కంటి కండరాలను నడిపిస్తాయి. ఈ ఏర్పాటును 'పేటికా–నేత్ర ప్రతీకార చర్య' అనవచ్చు. ఇది పనిచేసే తీరును గోదావరి మధ్యడెల్టాలోని ఆత్రేయపురం పరిసరాల నుంచీ, తెలుగువారి ఆటల నుంచీ, నాట్యశాస్త్ర పరిభాష నుంచీ తీసుకున్న ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాస లక్ష్యం. 'కళ్ళు తిరగడం' అన్న తెలుగు నుడికారంలో దాగిన శాస్త్రసత్యాన్నీ, అదే నుడికారం వైద్యుని గదిలో కలిగించే అయోమయాన్నీ ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: అంతరచెవి, అర్ధవర్తుల కుల్యలు, పేటికా నాడి, ప్రతీకార చర్య, నిస్టాగ్మస్, అనుమస్తిష్కం, కళ్ళు తిరగడం, శిరోభేదాలు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో తలతిప్పటను తెలిపే నుడికారాలలో ఎక్కువగా వినిపించేది 'కళ్ళు తిరగడం'. బాధ తలలో ఉన్నట్లు అనిపిస్తుంది. పరిసరాలు గిర్రున తిరుగుతున్నట్లు తోస్తుంది. అయినా తెలుగువారు తిరుగుతున్నవి కళ్ళు అన్నారు. ఇది కేవలం అలంకారం కాదు. అంతరచెవి దెబ్బతిన్నందువల్ల తల తిరుగుతున్న మనిషి కళ్ళను దగ్గరగా గమనిస్తే అవి నిజంగానే కదులుతూ కనిపిస్తాయి. ఒక వైపు నెమ్మదిగా జారి, మరుక్షణం రెండవ వైపు గబుక్కున దూకుతాయి. లోపం చెవిలో, లక్షణం కంటిలో, బాధ మొత్తం మనిషిలో. ఈ మూడింటినీ కలిపే దారి ఏమిటన్నదే ఇక్కడి ప్రశ్న.

డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని ఆత్రేయపురం పేరు వినగానే చాలామందికి పూతరేకులు గుర్తుకు వస్తాయి. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆత్రేయపురం కాలువల ఊరు కూడా. 1847–1852 మధ్య ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం వద్ద నిర్మించిన ఆనకట్ట నుంచి మధ్యడెల్టాకు నీరు అందించే కాలువ ఈ మండలం మీదుగానే సాగుతుంది. లొల్ల లాకులు ఈ మండలంలోనివే. కాలువలో పడవ నడిపే మనిషి తల తెడ్డు వేసిన ప్రతిసారీ ముందుకూ వెనక్కీ ఊగుతుంది, పడవతోపాటు పక్కలకు ఒరుగుతుంది. అయినా గట్టు మీది కొబ్బరిచెట్టు అతని కంటికి నిలకడగానే కనిపిస్తుంది. అదే ఊపులో ఒక కెమెరాతో చిత్రం తీస్తే అది చూడలేనంతగా కదిలిపోతుంది. కెమెరాకు లేనిదీ మనిషికి ఉన్నదీ ఏమిటో తెలుసుకోవడం నుంచే ఈ పరిశీలన మొదలుకావాలి.

2. కదిలే తల – కదలని దృశ్యం

కంటిలోని నేత్రపటలం మీద బొమ్మ నిలకడగా పడితేనే చూపు స్పష్టంగా ఉంటుంది. బొమ్మ సెకనుకు కొన్ని డిగ్రీల వేగంతో జారినా అక్షరాలు చెదిరిపోతాయి. మామూలుగా నడిచేటప్పుడే తల సెకనుకు సుమారు రెండుసార్లు పైకీ కిందికీ ఊగుతుంది. ఎవరో పిలిస్తే చటుక్కున తిప్పిన తల వేగం సెకనుకు వందల డిగ్రీలకు చేరుతుంది. కాబట్టి తల ఎటు తిరిగితే కళ్ళు దానికి సరిగ్గా ఎదురు దిశలో, అంతే వేగంతో తిరగాలి.

ఈ పనిని కన్ను తనంతట తాను చేసుకోలేదు. నేత్రపటలం మీద బొమ్మ జారిందని గుర్తించి, ఆ సమాచారాన్ని మెదడులో విశ్లేషించి, కండరాలకు ఆజ్ఞ పంపడానికి సుమారు పదోవంతు సెకను పడుతుంది. అంతలో తల ఎంతో దూరం తిరిగిపోతుంది. అంతరచెవి మార్గంలో మాత్రం తల కదిలిన తర్వాత సెకనులో నూరోవంతు కూడా గడవకముందే కన్ను కదలడం మొదలుపెడుతుంది. ప్రకృతి ఈ పనిని చూపుకు కాక చెవికి అప్పగించడానికి ఈ వేగమే కారణం.

దీనిని నిరూపించడానికి ప్రయోగశాల అక్కరలేదు. అచ్చు కాగితాన్ని చేతితో పట్టుకొని, తల కదపకుండా, కాగితాన్ని అటూ ఇటూ వేగంగా ఊపితే అక్షరాలు అలుక్కుపోతాయి. కాగితాన్ని కదపకుండా అంతే వేగంతో తలను అటూ ఇటూ తిప్పితే అక్షరాలు చదవగలిగేలా ఉంటాయి. రెండు సందర్భాల్లోనూ కంటికీ కాగితానికీ మధ్య సాపేక్ష చలనం ఒకటే. మొదటి దానిలో కన్ను కాగితాన్ని వెంటాడాలి, రెండవ దానిలో చెవి కంటిని నడుపుతుంది. తరగతి గదిలో ఒక నిమిషంలో చేసి చూపదగిన ప్రయోగమిది.

3. చెవిలోని కాలువలు

తెలుగు పాఠ్యగ్రంథాలు ఈ అవయవాలకు 'అర్ధవర్తుల కుల్యలు' అని పేరు పెట్టాయి. కుల్య అంటే కాలువ. కణతఎముక లోపల, ఒక్కొక్క చెవిలో మూడేసి కుల్యలు ఉంటాయి. ఒకటి దాదాపు క్షితిజ సమాంతరంగా, మిగిలిన రెండు నిలువుగా, మూడూ ఒకదానికొకటి ఇంచుమించు లంబంగా అమరి ఉంటాయి. ఒక్కొక్క వలయం వ్యాసార్థం సుమారు 3 మిల్లీమీటర్లు. దానిలోని త్వచనాళం లోపలి వ్యాసం సుమారు 0.3 మిల్లీమీటర్లు. ఈ నాళాన్ని అంతరలసిక అనే ద్రవం నింపి ఉంచుతుంది.

గిన్నెలో నీళ్ళు పోసి, పైన ఒక తులసి ఆకు వేసి, గిన్నెను చటుక్కున తిప్పితే గిన్నె తిరుగుతుంది కానీ ఆకు దాదాపు ఉన్నచోటనే ఉంటుంది. నీటి జడత్వం వల్ల అది గిన్నెతోపాటు వెంటనే కదలదు. కుల్యలోనూ ఇదే జరుగుతుంది. తల తిరిగితే ఎముక, నాళపు గోడలు తలతోపాటు తిరుగుతాయి, ద్రవం వెనకబడుతుంది. అంటే నాళం దృష్ట్యా ద్రవం ఎదురు దిశలో ప్రవహించినట్లు అవుతుంది.

ప్రతి కుల్యకూ ఒక చివర ఉబ్బిన గది ఉంటుంది. ఆ గదికి అడ్డంగా జిగురువంటి మెత్తని తెర కట్టి ఉంటుంది. దాని పేరు క్యూప్యులా. కాలువకు అడ్డంగా నిలిచిన లాకు తలుపుతో దీనిని పోల్చవచ్చు. అయితే లాకు తలుపు తెరుచుకొని నీటిని వదులుతుంది. క్యూప్యులా నలువైపులా అతుక్కొని ఉన్నందువల్ల ద్రవాన్ని పోనివ్వదు, ఒత్తిడికి వంగుతుంది. ఆ వంపే సమాచారం. తెర అడుగున ఉన్న రోమకణాల సూక్ష్మరోమాలు తెరతోపాటు వంగుతాయి. అవి తమలో అన్నిటికన్నా పొడవైన రోమం వైపు వంగితే కణం ఉద్రేకం పొందుతుంది, ఎదురు వైపు వంగితే అణగుతుంది.

ఇక్కడ గుర్తించవలసిన విశేషం ఒకటుంది. తల కదలకుండా ఉన్నప్పుడు కూడా పేటికా నాడీతంతువులు ఊరకుండవు. కోతులపై జరిపిన కొలతల్లో అవి విశ్రాంతిలోనే సెకనుకు సుమారు 90 స్పందనలు పంపుతున్నట్లు తేలింది. తల ఎడమకు తిరిగితే ఎడమ క్షితిజ కుల్య స్పందనలు పెరుగుతాయి, కుడి కుల్యవి తగ్గుతాయి. మెదడు చదివేది ఈ రెండింటి మధ్య తేడాను. రెండు పళ్ళాలూ సమంగా ఉంటే తల నిలకడగా ఉన్నట్లు, ఒకటి మొగ్గితే తల ఆ వైపు తిరుగుతున్నట్లు లెక్క. ఈ తక్కెడ న్యాయం గుర్తుంటే తర్వాతి విభాగాల్లోని రోగలక్షణాలన్నీ తేలికగా అర్థమవుతాయి.

కుల్యలు భ్రమణాన్ని మాత్రమే పసిగడతాయి. సరళరేఖా గమనాన్నీ, గురుత్వాకర్షణ దిశనూ గుర్తించే పని యుట్రిక్యులస్, శాక్యులస్ అనే రెండు సంచులది. వాటిలో రోమకణాల పైన కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు పేర్చి ఉంటాయి. తల ఒక పక్కకు వంగితే బరువైన ఆ స్ఫటికాలు జారి రోమాలను వంచుతాయి. అప్పుడు కళ్ళు తమ చూపు అక్షం చుట్టూ ఎదురు దిశలో కొద్దిగా మెలిక తిరుగుతాయి. ఈ మెలిక తల వంగిన కోణంలో సుమారు పదోవంతు మాత్రమే.

4. మూడు నాడీకణాల గొలుసు

కుల్య నుంచి కంటి కండరం వరకు ఉన్న అతిచిన్న దారిలో మూడే నాడీకణాలు ఉన్నాయి. ఈ త్రికణ చాపాన్ని 1933లో లొరెంటె దె నో వివరించాడు. తల ఎడమకు తిరిగిన సందర్భాన్ని తీసుకుంటే ఈ గొలుసు ఇలా సాగుతుంది.

మొదటి కణం ఎడమ క్షితిజ కుల్య నుంచి పేటికా నాడి ద్వారా మెదడు కాండంలోని ఎడమ పేటికా కేంద్రకానికి వార్తను చేరుస్తుంది. రెండవ కణం అక్కడి నుంచి మధ్యరేఖను దాటి, కుడివైపున ఉన్న ఆరవ కపాలనాడి కేంద్రకానికి వెళుతుంది. మూడవ కణం ఆ కేంద్రకం నుంచి బయలుదేరి కుడికంటిని చెవి వైపు లాగే కండరాన్ని సంకోచింపజేస్తుంది. ఒక కన్నే కదిలితే చూపు చీలిపోతుంది కనుక, అదే ఆరవ కేంద్రకం నుంచి మరొక తంతువు తిరిగి మధ్యరేఖను దాటి, ఎడమవైపున ఉన్న మూడవ కపాలనాడి కేంద్రకాన్ని చేరుతుంది. దానివల్ల ఎడమకంటిని ముక్కు వైపు లాగే కండరం సంకోచిస్తుంది. ఫలితంగా తల ఎడమకు, కళ్ళు రెండూ కుడికి. అదే సమయంలో ఎదురు కండరాలకు వెళ్ళే స్పందనలు తగ్గి అవి సడలుతాయి.

తెలుగు జీవశాస్త్ర పరిభాషలో ఇటువంటి అసంకల్పిత చర్యలకు 'ప్రతీకార చర్య' అని పేరు. మిగతా సందర్భాల మాట ఎలా ఉన్నా ఇక్కడ ఆ మాట అక్షరాలా సరిపోతుంది. తల చేసిన దానికి కన్ను సరిగ్గా ప్రతిగా చేస్తుంది.

కుల్యలు అందించేది ప్రధానంగా వేగానికి సంబంధించిన సమాచారం. కానీ తల తిరగడం ఆగిన తర్వాత కన్ను కొత్త స్థానంలో నిలబడాలంటే కండరానికి స్థానం గురించిన ఆజ్ఞ కూడా అవసరం. వేగాన్ని కాలంతో కూడి స్థానంగా మార్చడం గణితంలో సమాకలనం. మెదడు కాండంలోని కొన్ని నాడీకణ సమూహాలు ఈ సమాకలనాన్ని నిర్విరామంగా చేస్తూనే ఉంటాయి. అవి దెబ్బతింటే పక్కకు తిప్పిన చూపు నిలవదు, మెల్లగా మధ్యకు జారిపోతుంది.

5. శిరోభేదాలు – మూడు అక్షాలు

నందికేశ్వరుని అభినయదర్పణం తొమ్మిది శిరోభేదాలను చెప్పింది. వాటిలో మూడింటిని కుల్యల పనితీరును బోధించడానికి నేరుగా వాడుకోవచ్చు. తలను కుడిఎడమలకు తిప్పే ధుతం నిలువు అక్షం చుట్టూ జరిగే భ్రమణం. దీనిలో ప్రధానంగా క్షితిజ కుల్యలు పనిచేస్తాయి. తలను పైకీ కిందికీ ఆడించే కంపితం రెండు చెవులను కలిపే అక్షం చుట్టూ జరిగే భ్రమణం. తల కిందికి వంగినప్పుడు రెండు చెవుల ముందు కుల్యలూ, పైకి ఎత్తినప్పుడు రెండు చెవుల వెనుక కుల్యలూ ఉద్రేకం పొందుతాయి. వింజామర వలె తలను పక్కలకు ఒరిపించే పరివాహితం ముక్కు నుంచి వెనక్కు సాగే అక్షం చుట్టూ జరిగే భ్రమణం. తల కుడికి ఒరిగితే కుడిచెవిలోని నిలువు కుల్యలు రెండూ ఉద్రేకం పొందుతాయి. తలను వలయాకారంగా తిప్పే ఆలోలితంలో ఈ కుల్యలు వంతులవారీగా పాల్గొంటాయి.

ఒక్కొక్క కుల్యకు నిర్ణీతమైన కంటి కండరాల జంట ఉన్నదని 20వ శతాబ్దం మధ్యలో హంగేరీ శాస్త్రవేత్త యానోష్ సెంతాగొతై నిరూపించాడు. ఆరు కుల్యలకు ఒక్కొక్క కంటిలోని ఆరు కండరాలు ఈ విధంగా జతపడటం శరీర నిర్మాణంలోని చక్కని పొందికలలో ఒకటి.

నాట్యం మరొక ప్రశ్నను కూడా ముందుకు తెస్తుంది. చేయి వెళ్ళిన చోటికి చూపు వెళ్ళాలన్నది అభినయ సంప్రదాయంలో సుప్రసిద్ధమైన నియమం. తలా చేయీ కలిసి కుడికి కదిలినప్పుడు చూపు కూడా కుడికే వెళ్ళాలి. అప్పుడు కళ్ళను ఎడమకు నెట్టే ప్రతీకార చర్య అడ్డంకి అవుతుంది. ఆ సమయంలో అనుమస్తిష్కం కలగజేసుకొని ఆ చర్యను రద్దు చేస్తుంది. అంటే ఈ చర్య అసంకల్పితమే కానీ మొండిది కాదు. పనినిబట్టి దానిని పెంచడానికీ తగ్గించడానికీ పై అధికారి ఒకరున్నారు.

6. ఒప్పులకుప్ప ఆగిన తర్వాత

ఇద్దరు ఆడపిల్లలు చేతులు పెనవేసి పట్టుకొని, పాదాలు దగ్గరగా ఉంచి, వెనక్కు వాలి గిరగిరా తిరిగే ఒప్పులకుప్ప తెలుగునాట సుపరిచితమైన ఆట. ఆట ఆగిన తర్వాత ఇల్లూ వాకిలీ తిరుగుతున్నట్లు అనిపించడం ఆడిన వారందరికీ తెలుసు. ఆ అనుభవాన్ని కుల్యల భాషలో ఇలా వివరించవచ్చు.

పిల్లలు కుడికి తిరగడం మొదలుపెట్టినప్పుడు ద్రవం వెనకబడి క్యూప్యులా వంగుతుంది. కళ్ళు ఎడమకు మెల్లగా జారుతాయి. కంటిగుంటలో కన్ను ఎంతో దూరం తిరగలేదు కనుక కొంత జారాక చటుక్కున కుడికి దూకి మళ్ళీ జారడం మొదలుపెడుతుంది. మెల్లని జారుడు చెవి పంపిన ఆజ్ఞ, వేగమైన దూకుడు మెదడు కాండం చేసిన సర్దుబాటు. ఈ రెండూ కలిసిన కదలికే నిస్టాగ్మస్.

ఒకే వేగంతో తిరుగుతూ ఉంటే ద్రవం క్రమంగా గోడల వేగాన్ని అందుకుంటుంది. క్యూప్యులా తన సాగుగుణం వల్ల తిరిగి నిటారుగా నిలుస్తుంది. దీని కాలస్థిరాంకం సుమారు 5 సెకన్లు. అప్పుడు కళ్ళు మూసుకుంటే తిరుగుతున్నట్లే తెలియదు. ఇక హఠాత్తుగా ఆగితే గోడలు ఆగుతాయి, ద్రవం ఆగదు. క్యూప్యులా ఈసారి ఎదురు దిశలో వంగుతుంది. నిలబడి ఉన్న పిల్ల తల ఎడమకు తిరుగుతున్నదని చెవి తప్పుడు వార్త పంపుతుంది. కళ్ళు కుడికి జారి ఎడమకు దూకుతుంటాయి. కదలని ఇల్లు కదిలే కంటి మీద జారుతుంది. 'కళ్ళు తిరుగుతున్నాయి' అన్న మాట ఇక్కడ వర్ణన కాదు, ఉన్నది ఉన్నట్లు చెప్పిన పరిశీలన.

ఈ స్థితి 5 సెకన్లలో సద్దుమణగదు. మెదడు కాండం చెవి పంపిన వార్తను కొంతసేపు నిలువచేసి కాలస్థిరాంకాన్ని 15 నుంచి 20 సెకన్ల వరకు పొడిగిస్తుంది. దీర్ఘకాలం సాధన చేసిన నర్తకులలో ఈ అనుభూతి తక్కువసేపే ఉంటుంది. లండన్‌లో బాలే నర్తకులపై జరిపి 2013లో వెలువరించిన అధ్యయనం ఈ తగ్గుదలకూ, అనుమస్తిష్క నిర్మాణంలోని తేడాలకూ సంబంధం చూపింది. కూచిపూడి భ్రమరులను అభ్యసించే వారిపై ఇటువంటి పరిశోధన చేపట్టడానికి తెలుగునాట తగినంత అవకాశం ఉంది.

శాస్త్రచరిత్రలోనూ ఇది పాత పరిశీలనే. తిరిగి ఆగినవారి కళ్ళ కదలికలను 1792లో విలియం చార్లెస్ వెల్స్ వర్ణించాడు. 1820లో పుర్కిన్యే భ్రమణం వల్ల కలిగే తలతిప్పటను క్రమబద్ధంగా పరిశీలించాడు. అదే దశకంలో ఫ్లూరెన్స్ పావురాల కుల్యలను ఛేదించి, ఏ కుల్యను కోస్తే ఆ తలంలోనే తల ఊగిపోతుందని చూపాడు. 1873–75 మధ్య మాఖ్, బ్రాయర్, క్రమ్ బ్రౌన్ ముగ్గురూ వేర్వేరుగా ద్రవ జడత్వ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. చెవిలో గోరువెచ్చని లేదా చల్లని నీరు పోస్తే కుల్యలోని ద్రవం ఉష్ణసంవహనం వల్ల కదిలి నిస్టాగ్మస్ కలుగుతుందని రాబర్ట్ బారానీ వివరించాడు. దానితో ఒక్కొక్క చెవిని విడివిడిగా పరీక్షించడం సాధ్యమైంది. ఈ కృషికి అతనికి 1914 సంవత్సరపు నోబెల్ పురస్కారం లభించింది. అయితే 1983లో స్పేస్‌ల్యాబ్ యాత్రలో, ఉష్ణసంవహనానికి తావులేని భారరహిత స్థితిలో కూడా ఈ నిస్టాగ్మస్ కనిపించింది. సంవహనం ఒక్కటే పూర్తి కారణం కాదని దానితో తేలింది.

7. చెవి, కన్ను ఒకదానికొకటి సాక్ష్యం

దీర్ఘకాలం ఒకే వేగంతో జరిగే కదలికను కుల్యలు గుర్తించలేవు. ఆ లోటును చూపు పూరిస్తుంది. విశాలమైన దృశ్యం ఒకే దిశలో కదిలితే ఆ సమాచారం కూడా పేటికా కేంద్రకాలకే చేరుతుంది. లాకు వంతెన మీద నిలబడి కింద పారే నీటిని తదేకంగా చూసేవారికి కాసేపటికి వంతెనే ఎదురు కదులుతున్నట్లు అనిపించడానికి ఇదే కారణం. దీనికి వ్యతిరేకమైన సందర్భం కాలువ గట్టు రోడ్డు మీద వెళ్ళే బస్సులో పుస్తకం చదవడం. శరీరం కదులుతున్నదని చెవి అంటుంది, కదలడం లేదని పేజీకి అతుక్కున్న కన్ను అంటుంది. సాక్ష్యాలు పొసగనప్పుడు వికారం పుడుతుంది. పుస్తకం మూసి దూరపు పొలాల వైపు చూస్తే రెండు సాక్ష్యాలూ కలిసి ఉపశమనం కలుగుతుంది. అంతరచెవి రెండువైపులా పూర్తిగా పనిచేయని వారికి ప్రయాణ వికారం దాదాపు కలగదన్న విషయం ఈ వివరణను బలపరుస్తుంది.

తల వేగానికీ కంటి వేగానికీ నిష్పత్తి ఇంచుమించు 1గా ఉండాలి. పుట్టుక నుంచి వార్ధక్యం వరకు తల పరిమాణం, కండరాల బలం, నాడీకణాల సంఖ్య మారుతూనే ఉంటాయి. అయినా ఆ నిష్పత్తి నిలబడటానికి కారణం అనుమస్తిష్కం చేసే నిరంతర సవరణ. తల కదిలిన ప్రతిసారీ నేత్రపటలం మీద బొమ్మ జారితే అది పొరపాటుకు గుర్తు. ఆ గుర్తును ఆధారం చేసుకొని అనుమస్తిష్కం మార్గాన్ని సరిదిద్దుతుంది. దృశ్యాన్ని కుడిఎడమలుగా తారుమారు చేసే పట్టకాలను వారాల తరబడి ధరింపజేసిన ప్రయోగాలలో ఈ చర్య క్రమంగా బలహీనపడి, చివరకు దిశను కూడా మార్చుకోగలదని 1976లో గోన్షోర్, మెల్విల్ జోన్స్ చూపారు.

దీనికి ఇంటింటి ఉదాహరణ కళ్ళద్దాలు. కంటిలో కృత్రిమ కటకం అమర్చే పద్ధతి వ్యాపించకముందు, శుక్లాలు తీయించుకున్న పెద్దలు 'సోడాబుడ్డి' అద్దాలు ధరించేవారు. ఆ అద్దాలు దృశ్యాన్ని సుమారు పాతిక శాతం మేర పెద్దవిగా చూపేవి. అంటే తల తిరిగినప్పుడు కన్ను కూడా అంతే ఎక్కువగా తిరగవలసి వచ్చేది. పాత లెక్క సరిపోక, తల తిప్పగానే లోకం ఈదులాడినట్లు అనిపించేది. కొన్నాళ్ళకు 'అలవాటు' అయ్యేది. ఆ అలవాటు అనుమస్తిష్కం చేసిన కొత్త లెక్క. నేటికీ కొత్త నంబరు అద్దాలు పెట్టుకున్న మొదటి రోజుల్లో కలిగే తూలుడుకు ఇదొక ముఖ్యకారణం.

8. లెక్క తప్పినప్పుడు

ఈ ఏర్పాటు విలువ అది పోయినప్పుడు తెలుస్తుంది. 1943లో కనుగొన్న స్ట్రెప్టోమైసిన్ క్షయరోగులకు ప్రాణం పోసింది. అదే ఔషధం కొందరిలో రెండు చెవుల రోమకణాలనూ నాశనం చేసింది. మనిషిలో ఒకసారి నశించిన ఈ కణాలు తిరిగి చెప్పుకోదగినంతగా పెరగవు. అలా నష్టపోయిన ఒక వైద్యుడు తన అనుభవాన్ని 1952లో అమెరికా వైద్యపత్రికలో ప్రకటించాడు. మంచం మీద పడుకొని చదవాలన్నా నాడి కొట్టుకునే అదురుకు అక్షరాలు చెదిరేవి. అందుకని తలను మంచం తలాపికి ఆనించి బిగించవలసి వచ్చేది. గుండె కొట్టుకోవడం వల్ల తలలో పుట్టే అతిసూక్ష్మ చలనాన్ని కూడా చెవి ఎల్లప్పుడూ సరిదిద్దుతూ ఉంటుందని ఈ ఒక్క వివరం చెబుతుంది. అదే కుటుంబానికి చెందిన జెంటామైసిన్ నేటికీ ఆసుపత్రులలో వాడుకలో ఉంది. మందు మోతాదు, మూత్రపిండాల స్థితి గమనించవలసిన అవసరం అందువల్లనే.

ఒక చెవి మాత్రమే హఠాత్తుగా దెబ్బతింటే తక్కెడ న్యాయం పనిచేస్తుంది. ఎడమ పేటికా నాడికి వాపు వచ్చి స్పందనలు ఆగాయనుకుంటే, కుడివైపు విశ్రాంతి స్పందనలకు పోటీ ఉండదు. తల కుడికి తిరుగుతూనే ఉన్నదని మెదడు పొరబడుతుంది. కళ్ళు ఎడమకు జారి కుడికి దూకుతుంటాయి. వాంతులతో కూడిన ఈ బాధ రోజుల తరబడి ఉంటుంది. దీనిని గుర్తించడానికి 1988లో హల్మాగి, కర్తాయిస్ అనే ఆస్ట్రేలియా వైద్యులు పరికరం అక్కరలేని పరీక్షను వివరించారు. రోగిని వైద్యుని ముక్కు మీద చూపు నిలపమని చెప్పి, తలను చటుక్కున కొద్దిగా పక్కకు తిప్పుతారు. స్పందనలు ఎంతైనా పెరగవచ్చు కానీ సున్నాకు దిగువకు తగ్గలేవు. అందువల్ల వేగంగా ఎడమకు తిప్పినప్పుడు ఆరోగ్యంగా ఉన్న కుడిచెవి ఒక్కటే సరిపడా సమాచారం ఇవ్వలేదు. కళ్ళు తలతోపాటు కొట్టుకుపోయి, తర్వాత గబుక్కున ముక్కు మీదికి తిరిగి దూకుతాయి. ఆ దూకుడు కనిపిస్తే లోపం చెవిలో ఉన్నట్లు.

ఎడతెగని తలతిప్పట, నిస్టాగ్మస్ ఉన్న రోగిలో ఆ దూకుడు కనిపించకపోవడమే ప్రమాద సూచిక. చెవిమార్గం సవ్యంగా ఉన్నదంటే లోపం మెదడు కాండంలోనో అనుమస్తిష్కంలోనో ఉండవచ్చు, అది పక్షవాతం కావచ్చు. చూపు మరల్చిన దిశనుబట్టి నిస్టాగ్మస్ దిశ మారడం, ఒక కన్ను రెండవదానికన్నా పైకో కిందికో తొలగి ఉండడం కూడా అటువంటి సూచికలే. ఈ మూడింటినీ కలిపి శిక్షణ పొందిన వైద్యుడు పరీక్షిస్తే, తొలి గంటలలో తీసిన స్కానింగు కన్నా పక్షవాతాన్ని మెరుగ్గా పసిగట్టవచ్చునని 2009లో కట్టా బృందం చూపింది.

అన్నిటికన్నా తరచుగా ఎదురయ్యే కారణం వేరు. యుట్రిక్యులస్‌లోని స్ఫటికాలు ఊడి కుల్యలోకి, ఎక్కువగా వెనుక కుల్యలోకి, జారుతాయి. మంచం మీద పక్కకు ఒత్తిగిలినప్పుడు, అటక మీదికో కొబ్బరిచెట్టు మొవ్వు వైపుకో తల ఎత్తి చూసినప్పుడు ఆ స్ఫటికాలు కదిలి ద్రవాన్ని ఈడుస్తాయి. నిమిషంలోపే తగ్గిపోయే తీవ్రమైన తలతిప్పట వస్తుంది. 1952లో డిక్స్, హాల్‌పైక్ దీనిని గుర్తించే పరీక్షను వివరించారు. స్ఫటికాలను వచ్చిన దారినే వెనక్కు పంపేలా తలను వరుసగా కొన్ని భంగిమల్లో తిప్పే చికిత్సను 1992లో ఎప్లీ ప్రకటించాడు. మాత్ర లేకుండా, కొద్ది నిమిషాల్లో, చాలామందికి ఉపశమనం కలిగించే చికిత్స ఇది. దీని గురించి తెలియక నెలల తరబడి మందులు మింగడం, పడిపోతామన్న భయంతో వృద్ధులు గడప దాటకపోవడం నివారించదగిన నష్టం.

9. నుడికారం – నిర్ధారణ

తెలుగులో ఈ బాధలకు సంపన్నమైన పదజాలం ఉంది. కళ్ళు తిరగడం, తల తిరగడం, కళ్ళు బైర్లు కమ్మడం, తూలడం, దిమ్మెక్కడం, మైకం కమ్మడం ఒకటి కావు. 'బైర్లు కమ్మడం' చూపు మసకబారడాన్ని చెబుతుంది. కూర్చున్నవారు లేచి నిలబడగానే రక్తపోటు తగ్గితే కలిగేది సాధారణంగా అదే. 'తూలడం' నడకకు సంబంధించినది. 'కళ్ళు తిరగడం' భ్రమణానుభూతికి సరిగ్గా సరిపోతుంది. ఆయుర్వేదం వాడిన 'భ్రమ', భౌతికశాస్త్రపు 'భ్రమణం', నాట్యశాస్త్రపు 'భ్రమరి' ఒకే ధాతువు నుంచి పుట్టినవి.

అయితే వాడుకలో ఈ హద్దులు చెరిగిపోయాయి. ఎండలో సొమ్మసిల్లిన వారిని కూడా 'కళ్ళు తిరిగి పడిపోయారు' అనే అంటారు. రోగి ఒక అర్థంలో అన్న మాటను వైద్యుడు మరొక అర్థంలో తీసుకుంటే నీరసమనో రక్తహీనతనో భావించి మందు ఇవ్వడం జరుగుతుంది. ఈ చిక్కు తెలుగుకే పరిమితం కాదు. అమెరికాలో అత్యవసర విభాగ రోగులపై జరిపి 2007లో ప్రకటించిన అధ్యయనంలో, తమ తలతిప్పట ఎటువంటిదో చెప్పిన రోగులలో దాదాపు సగంమంది కొన్ని నిమిషాల తర్వాత అదే ప్రశ్నకు వేరే సమాధానం చెప్పారు. బాధ ఎంతసేపు ఉంటుంది, దేనివల్ల మొదలవుతుంది అన్న ప్రశ్నలకు మాత్రం సమాధానాలు నిలకడగా ఉన్నాయి.

కాబట్టి 'ఎలా ఉంది?' అన్న ప్రశ్నకన్నా 'ఎప్పుడు వస్తుంది? ఎంతసేపు ఉంటుంది? ఏం చేస్తే వస్తుంది?' అన్న ప్రశ్నలు ముఖ్యం. పక్క ఒత్తిగిలితే వచ్చి నిమిషంలో పోయేది ఒకటి, లేచి నిలబడితే వచ్చి కూర్చుంటే పోయేది మరొకటి, రోజంతా వదలనిది వేరొకటి. మాట తడబడటం, చూపు రెండుగా కనిపించడం, ఒక పక్క మొద్దుబారడం, ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం తోడైతే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేర్చాలి.

10. ముగింపు

అంతరచెవి, కంటి కదలికల సంబంధంపై చేసిన ఈ పరిశీలనలో తేలిన ముఖ్యాంశాలు ఇవి.

– తల కదులుతున్నా దృశ్యం నిలకడగా కనిపించడానికి ప్రధానకారణం అంతరచెవి నడిపే వేగవంతమైన త్రికణ చాపం. చూపు దానికి సహకరిస్తుంది, అనుమస్తిష్కం దానిని సవరిస్తుంది.

– మెదడు చదివేది రెండు చెవుల మధ్య తేడాను. ఆ తేడా అకారణంగా ఏర్పడితే కళ్ళు నిజంగానే తిరుగుతాయి. తెలుగు నుడికారం ఈ సత్యాన్ని పట్టుకుంది.

– కంటి కదలికలను గమనించడం ద్వారా చెవి లోపాన్నీ మెదడు లోపాన్నీ వేరుచేయవచ్చు. ఈ పరీక్షలకు ఖరీదైన పరికరాల కన్నా శిక్షణ ముఖ్యం.

– కుల్య, పేటిక, ప్రతీకార చర్య, శిరోభేదం, భ్రమరి వంటి పదాలు తెలుగులో ఇప్పటికే ఉన్నాయి. శరీరధర్మశాస్త్ర బోధనలో వీటిని వాడితే విషయం విద్యార్థికి దగ్గరవుతుంది.

– 'కళ్ళు తిరగడం' మొదలైన పదాలు గోదావరి, కృష్ణా, రాయలసీమ, తెలంగాణ ప్రాంతాలలో ఏయే అర్థాలలో వాడుకలో ఉన్నాయో మాండలిక పరిశోధకులూ వైద్యులూ కలిసి సేకరించవలసి ఉంది. అటువంటి పదకోశం భాషాధ్యయనానికీ, గ్రామీణ ఆరోగ్యకేంద్రంలో రోగి చెప్పుకునే నాలుగు మాటలకూ సమానంగా అక్కరకు వస్తుంది.